ఎచింగ్ ట్యాంకుకి వైఫై ఎందుకు?

ప్రశ్న: పీసీబీలు (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులు) ఇంట్లోనే ఎచ్ చేసుకోవడానికి, అంటే బోర్డు మీద అక్కర్లేని రాగిని రసాయనంతో కరిగించడానికి, ప్లాస్టిక్ డబ్బా, అక్వేరియం హీటరు, ఎయిర్ పంపుతో ట్యాంకు తయారు చేసుకున్నాను. వాడేది ఫెర్రిక్ క్లోరైడ్. హీటరు, పంపు రెండూ ఒకే స్మార్ట్ ప్లగ్ మీద పెట్టి ఫోన్ నుంచి నడుపుతున్నాను. మొన్న ప్లగ్ అప్‌డేట్ అయ్యాక చూస్తే దానంతట అదే ఆన్‌లో ఉంది. ఏ సెట్టింగ్ మార్చాలి?

జవాబు: కరెంటు పోయి వచ్చాక, లేదా రీస్టార్ట్ అయ్యాక ప్లగ్ ఎలా ఉండాలో అడిగే ఆప్షన్ యాప్‌లో ఉంటే 'ఆఫ్' పెట్టండి. లేకపోతే ఆ ప్లగ్‌ని ఏ టేబుల్ లైటుకో వాడుకోండి. సెట్టింగ్ సంగతి ఇంతే. ఇలాంటి ఉత్తరాలు వరసగా వస్తున్నాయి, అందరూ అడిగేది సెట్టింగ్ గురించే, ట్యాంకు గురించి ఒక్కరూ అడగడం లేదు.

35 మైక్రాన్ల రాగి పొర, 40–50 డిగ్రీల ద్రవం, కింద నుంచి బుడగలు ఉంటే బోర్డు కొద్ది నిమిషాల్లోనే తయారవుతుంది. ఆ కాసేపూ మీరు ఎలాగూ పక్కనే ఉండి చూసుకోవాలి, ఎందుకంటే ఎక్కువసేపు ఉంచితే రెసిస్ట్ (ఉండాల్సిన రాగి గీతల్ని కాపాడే పూత) కింద నుంచి కూడా రాగి తినేసి సన్నని ట్రాక్‌లు తెగిపోతాయి. మరి ఫోన్‌తో పనేముంది?

నన్ను ఎక్కువ భయపెట్టేది హీటరు. మీరు ఊళ్లో లేనప్పుడు అది ఆన్ అయిందనుకోండి, ద్రవం ఆవిరై మట్టం తగ్గితే గాజు గొట్టం బయటపడి వేడెక్కిపోతుంది, పగిలిందంటే కరెంటు నేరుగా ఆ ఆమ్ల ద్రావణంలోకి వస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేని లైను మీద ఈ ట్యాంకు అసలు పెట్టకండి. ప్లగ్ ఆఫ్ అయినా ఇబ్బందే. పంపు ఆగాక, అది ద్రవ మట్టం కన్నా కింద ఉంటే, ట్యూబులోంచి ఫెర్రిక్ క్లోరైడ్ వెనక్కి వచ్చి పంపులోకి దిగొచ్చు. పంపుని ట్యాంకు కన్నా ఎత్తులో పెట్టండి, ట్యూబుకి ద్రవాన్ని వెనక్కి రానివ్వని ప్లాస్టిక్ నాన్ రిటర్న్ వాల్వ్ కూడా వేయండి. వాల్వులో స్టీలు స్ప్రింగ్ ఉంటే ఫెర్రిక్ క్లోరైడ్ దాన్ని కూడా తినేస్తుంది.

ఇక ఆ యాప్ అకౌంటు. ఇంకెక్కడో వాడిన పాస్‌వర్డే దీనికీ పెట్టి ఉంటే, అక్కడ అది లీకైన రోజున మీ హీటరు స్విచ్ ఎవరి చేతికో వెళ్లినట్టే. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలు, రౌటర్లని లక్షల్లో పట్టేసింది. అసలు, తగిలించిన పరికరం నడుస్తుండగా అడగకుండా రీస్టార్ట్ అయ్యే ప్లగ్‌ని తయారుచేసిన వాళ్లని ఏమనాలి? మెయిన్స్ కరెంటుని కలిపే, తెంపే వస్తువు అది. అప్‌డేట్ తర్వాత ఆఫ్‌లో ఉండటమే దాని ధర్మం, దాన్ని ఎక్కడో మూడో మెనూలో దాచి యూజరు వెతుక్కోవాలనడం నిర్లక్ష్యం. ఫీచర్ల జాబితా ఎంత పొడుగున్నా, ఆ ఒక్కటీ సరిగ్గా లేకపోతే నేను కొనను.

చేత్తో తిప్పే మామూలు మెకానికల్ కౌంట్‌డౌన్ టైమరు కొనుక్కోండి, రోజూ అదే సమయానికి మళ్లీ ఆన్ అయ్యే 24 గంటల రకం కాదు. సమయం అయిపోగానే ఆగుతుంది, మళ్లీ చేత్తో తిప్పితే తప్ప మొదలవదు.

వాడేసిన ద్రావణం గురించి కూడా: అందులో కరిగిన రాగి ఉంటుంది, చేపలకి అది విషం, సింక్‌లో పోయకండి. ప్లాస్టిక్ సీసాలో పోసి పేరు రాసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. ఫెర్రిక్ క్లోరైడ్ బదులు హైడ్రోజన్ పెరాక్సైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి వాడేవాళ్లు మాత్రం మూత బిగించొద్దు, లోపల వాయువు పుట్టి సీసా పగులుతుంది.