బరువు ఏ కాలి మీద ఉంది? తైచీ మీద పాఠకుల ప్రశ్నలు

చైనాలో పుట్టిన, నెమ్మదిగా కదులుతూ చేసే సాధన తైచీ. పోయిన నెల సంచికలో దాని గురించి వేసిన చిన్న పరిచయానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. జవాబులు ఇస్తున్నది హైదరాబాద్‌లో ఉంటున్న ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్. భర్త ఉద్యోగరీత్యా షాంఘైలో ఉన్న కాలంలో ఆమె తైచీలో యాంగ్ కుటుంబం పద్ధతి అయిన యాంగ్ శైలి నేర్చుకున్నారు. ఇప్పుడు తమ కాలనీ పార్కులో పెద్దవాళ్లకి నేర్పుతున్నారు.

నాకు 61 ఏళ్లు. యూట్యూబ్ చూసి 24 భంగిమల తైచీ నేర్చుకుని రోజూ డాబా మీద చేస్తున్నాను. మనసుకి హాయిగానే ఉంటుంది. కానీ ఈమధ్య కుడి మోకాలు నొప్పి పెడుతోంది. మా అమ్మాయి మానేయమంటోంది. మానేయాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

మానేయక్కర్లేదమ్మా, కొన్నాళ్లు ఆపండి. మోకాలు వాచి ఉన్నా, మెట్లు దిగేటప్పుడు పట్టేసినట్టున్నా ముందు ఎముకల డాక్టరుకి చూపించండి. నేను చెప్పేది ఆ తర్వాతి సంగతి.

వీడియో చూసి నేర్చుకున్నవాళ్లకి చేతులు బాగా వస్తాయి. కంటికి కనిపించేవి అవే కదా. తైచీలో అసలు పని జరిగేది నడుం కింద. ఏ పాదం మీద ఎప్పుడు బరువు పడిందో, ఎప్పుడు తీసేశారో వీడియోలో తెలియదు. యాంగ్ శైలి గురువు యాంగ్ చెంగ్‌ఫు (1883–1936) చెబుతుంటే ఆయన శిష్యుడు రాసిపెట్టిన పది సూత్రాలున్నాయి. నిండు ఏదో, ఖాళీ ఏదో విడిగా తెలుసుకోమని వాటిలో ఒకటి చెబుతుంది. ఒంటి బరువంతా కుడికాలి మీద ఉంటే కుడికాలు నిండు, ఎడమకాలు ఖాళీ. ఖాళీగా ఉన్న కాలు ఎటు తిప్పినా తేలిగ్గా తిరుగుతుంది. బరువున్న కాలిని అక్కడికక్కడే తిప్పితే పాదం నేలకి అంటుకునే ఉంటుంది, తుంటి తిరుగుతుంది, మధ్యలో ఉన్న మోకాలు మెలిపడుతుంది. మోకాలు ముందుకీ వెనక్కీ మడవడానికి తయారైన కీలు. మెలికని అది ఎక్కువ రోజులు ఓర్చుకోదు.

మీరు చేసే 24 భంగిమల్లో మొదట్లోనే ‘అడవి గుర్రం జూలు విడదీయడం’ మూడుసార్లు వస్తుంది. తప్పు ఎక్కువగా జరిగేది అక్కడే. ఒకటి అయ్యాక రెండోదానికి వెళ్లేముందు వెనక కాలి మీదికి కూర్చోవాలి. అప్పుడు ముందు పాదం ఖాళీ అవుతుంది. దాన్ని బయటికి తిప్పి, ఆ తర్వాతే దాని మీదికి బరువు తేవాలి. తొందరలో చాలామంది వెనక్కి కూర్చోకుండానే ముందు పాదాన్ని తిప్పేస్తారు. ఒకసారి అద్దం ముందు చేసి చూసుకోండి.

ఇంకో రెండు చూడాలి. మోకాలు ఎప్పుడూ కాలివేళ్లు చూపిస్తున్న వైపుకే మడవాలి, లోపలికి వాలకూడదు, వేళ్లని దాటి ముందుకి పోకూడదు. రెండోది, అడుగు ముందుకి వేసేటప్పుడు రెండు మడమలూ ఒకే గీత మీదికి రాకూడదు. వాటి మధ్య అడ్డంగా జానెడు ఎడం ఉండాలి. ఆ ఎడం లేకపోతే ఒళ్లు ఊగుతుంది, ఆ ఊగు ఆపడానికి మోకాలు బిగుస్తుంది. వీడియోలో కుర్రవాళ్లు కిందికి దిగి చేస్తున్నారని మీరూ దిగక్కర్లేదు. ఎత్తుగా నిలబడి చేసినా తైచీయే.

నొప్పి తగ్గాక ఒక నెలపాటు భంగిమలు పక్కన పెట్టి అడుగు ఒక్కటే సాధన చేయండి. పిల్లిలా అడుగేయమని పాత తైచీ రాతల్లో ఉంటుంది. డాబా పిట్టగోడ పట్టుకుని నిలబడండి. కుడికాలు కాస్త మడిచి బరువంతా దాని మీదికి తెచ్చుకోండి. ఎడమ మడమని ముందుకి చాపి నేలకి తాకించండి, కానీ బరువు పెట్టొద్దు. ఇప్పుడు ఆ మడమని ఒళ్లు కదలకుండా వెనక్కి తీసుకోగలరా? తీసుకోగలిగితే అడుగు సరైనది. ధబ్‌మని కాలు పడిపోతే మీ బరువు మీకంటే ముందే వెళ్లిపోయిందన్నమాట. షాంఘైలోని ఫుషింగ్ పార్కులో మా గురువుగారు కొత్తవాళ్లకి వారాల తరబడి ఇదొక్కటే చేయించేవారు. విసుగొచ్చి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం తైచీలో ఇంతకంటే విలువైన పాఠం ఇంకోటి దొరకలేదు.

జిమ్‌కి వెళ్తాను, కరాటే బ్లాక్ బెల్ట్ ఉంది. తైచీ కూడా యుద్ధవిద్యే అంటారు. ఇంత నెమ్మదిగా చేసేది ఫైటింగ్ ఎలా అవుతుందండీ?
– 26 ఏళ్ల పాఠకుడు, విశాఖపట్నం

మంచి ప్రశ్న బాబూ. పుట్టుక చెబితే సగం జవాబు వచ్చేస్తుంది. చైనాలో హెనాన్ ప్రావిన్స్‌లో చెన్‌జియాగౌ అని ఒక పల్లెటూరు. 17వ శతాబ్దంలో అక్కడి చెన్ వాంగ్‌టింగ్ అనే సైనికుడి దగ్గర ఈ విద్య మొదలైందని చరిత్రకారులు ఎక్కువమంది చెబుతారు. కొండల్లో ఒక సన్యాసి కనిపెట్టాడన్న కథ కూడా వింటారు, అది కథే. చెన్ కుటుంబం పద్ధతిలో ఇప్పటికీ నేల దద్దరిల్లేలా కాలు వేయడం, ఉన్నట్టుండి విసిరే గుద్దులు ఉంటాయి. నువ్వు చూస్తే నెమ్మది అనవు. ఆ ఊళ్లో చెన్ చాంగ్‌షింగ్ దగ్గర నేర్చుకున్న బయటివాడు యాంగ్ లూచాన్ (1799–1872). ఆయన బీజింగ్ వెళ్లి నేర్పాడు, ‘ఓటమి లేని యాంగ్’ అని పేరు పడ్డాడు. పార్కుల్లో కనిపించే మెత్తని, ఒకే వేగంతో సాగే రూపం ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫుది. 1956లో చైనా ప్రభుత్వ క్రీడా సంఘం దాన్నే కుదించి 24 భంగిమలు చేసింది. అంటే నువ్వు చూస్తున్నది ఆరోగ్యం కోసం మలిచిన ఆఖరి రూపం.

నెమ్మది దేనికంటే, వేగంలో తప్పులు దాక్కుంటాయి. నెమ్మదిగా కదిలితే ఒళ్లు ఎక్కడ బిగుసుకుందో నీకే తెలుస్తుంది. ఇద్దరు కలిసి చేసే ‘తుయ్‌షౌ’ సాధనలో దీని అసలు పని బయటపడుతుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ముంజేతులు ఆనించి గుండ్రంగా తిప్పుతారు. ఎదుటివాడి బరువు ఏ కాలి మీద ఉందో, ఎటు వాలబోతున్నాడో చర్మం ద్వారా పసిగట్టాలి. మా గురువుగారు బట్టల మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి, సన్నగా ఉండేవారు. నేను ఎంత బలంగా నెట్టినా నా చేతికి ఆనేది ఏమీ ఉండేది కాదు. నా బరువు ముందుకి తూలిన క్షణంలో రెండు వేళ్లతో అలా కదిలించేవారు, నేను మూడడుగులు వెనక్కి పోయేదాన్ని. అందులో మాయ లేదు. నేను ఒంటికాలి మీద ఉన్న సంగతి నాకంటే ముందు ఆయనకి తెలిసేది.

అలాగని దూరం నుంచి చెయ్యి ఊపి శిష్యుల్ని పడగొట్టే వీడియోలు నమ్మకు. 2017లో చెంగ్డూలో ఒక ఎంఎంఏ (రకరకాల యుద్ధవిద్యలు కలిపి పోరాడే ఆట) ఫైటర్, తైచీ మాస్టర్‌నని చెప్పుకున్న ఒకాయనని అర నిమిషం కూడా పట్టకుండానే పడగొట్టాడు. ఎదురు తిరగని శిష్యులతో మాత్రమే సాధన చేస్తే ఎవరికైనా అదే జరుగుతుంది. బరిలో గెలవాలంటే నీ కరాటేనే కొనసాగించు. ఎదుటివాడు కదిలేలోపే అతన్ని చదవడం నేర్చుకోవాలంటే మంచి తుయ్‌షౌ గురువుని వెతుక్కో.

పొద్దున్నే యోగా చేస్తాను. దానితోపాటు తైచీ చేయొచ్చా? ప్రాణాయామంలోలా ఊపిరి బిగబట్టాలా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

రెండూ చేయొచ్చు. ఊపిరి మాత్రం బిగబట్టొద్దు. తైచీలో శ్వాసని దాని మానాన వదిలేస్తాం. భుజాలు దిగి, ఛాతీ బిగుసుకోకుండా ఉంటే శ్వాస తనంతట తనే పొట్టదాకా దిగుతుంది. చేతులు లేచేటప్పుడు పీల్చు, దిగేటప్పుడు వదులు అని మొదటిరోజే లెక్కలు పెట్టుకుంటే టెన్షన్ తప్ప ఏమీ రాదు. అది కొన్నేళ్లకి దానంతటదే కుదురుతుంది.

మా నాన్నగారికి 74 ఏళ్లు, పార్కిన్సన్స్ ఉంది. రాజమండ్రిలో అమ్మతో ఉంటారు. ఈమధ్య రెండుసార్లు పడిపోయారు. ఇక్కడి డాక్టరు తైచీ మంచిదన్నారు. నిజంగా పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, డాలస్

పనికొస్తుంది బాబూ, మందులతో పాటుగా. మందులకి బదులుగా కాదు. ఇది మాత్రం నాన్నగారికీ అమ్మగారికీ గట్టిగా చెప్పండి.

అమెరికాలోని ఒరెగాన్‌లో 195 మంది పార్కిన్సన్స్ రోగుల మీద చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. వారానికి రెండుసార్లు, గంట చొప్పున, 24 వారాలు. కొందరు తైచీ, కొందరు బరువులతో వ్యాయామం, కొందరు స్ట్రెచింగ్ చేశారు. నిలకడలో తైచీ వాళ్లు మిగతా రెండు గుంపుల కంటే మెరుగయ్యారు. పడిపోవడం స్ట్రెచింగ్ వాళ్లకంటే తగ్గింది, బరువుల వ్యాయామం వాళ్లతో పోలిస్తే మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. పార్కిన్సన్స్‌తో సంబంధం లేకుండా, పడిపోయే ప్రమాదం ఉన్న 70 ఏళ్లు పైబడిన 670 మందితో చేసిన ఇంకో అధ్యయనం 2018లో వచ్చింది. అందులో పడిపోవడాలు స్ట్రెచింగ్ చేసినవాళ్లకంటే తైచీ వాళ్లలో 58 శాతం తక్కువ. రెండింటిలోనూ నేర్పింది నిలకడ కోసమే తయారుచేసిన తైచీ. పక్కన శిక్షకులూ ఉన్నారు.

ఎందుకు పనిచేస్తుందో చెప్తాను. పెద్దవాళ్లు ఎక్కువగా పడేది నిలబడి ఉన్నప్పుడు కాదు, వెనక్కి తిరిగేటప్పుడు, అడుగు మార్చేటప్పుడు. ఒక కాలి బరువు రెండో కాలికి అందే ఆ మధ్య క్షణమే గండం. తైచీలో మనం సాధన చేసేది సరిగ్గా ఆ క్షణాన్నే, వంద రకాలుగా.

ముందు న్యూరాలజిస్టుని అడిగి, ఒక ఫిజియోథెరపిస్టుని ఇంటికి పిలిపించండి. మొదలు ఇలా ఉండాలి: బరువైన, చక్రాలు లేని కుర్చీని గోడకి ఆనించి పెట్టి, దాని వీపుని రెండు చేతులతో పట్టుకుని, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, బరువుని కుడికాలి మీదికి, ఆగి, ఎడమకాలి మీదికి తేవాలి. పాదాలు లేపనే వద్దు. “ఇప్పుడు ఏ కాలు?” అని పక్కనున్నవాళ్లు అడగాలి, ఆయన పైకి చెప్పాలి. ఐదు నిమిషాలు చాలు. మందు పనిచేస్తూ ఒళ్లు తేలిగ్గా ఉన్న వేళ చేయించండి. మీ అమ్మగారు ఒక్కరే ఉన్నప్పుడు వద్దు. ఆయన పడబోతే ఆవిడ ఆపలేరు, ఇద్దరూ పడతారు. గదుల్లో జారే తివాచీలు, గుమ్మాల దగ్గర డోర్‌మ్యాట్లు ఇవాళే తీయించేయండి.

తైచీ పూర్తిగా రావడానికి ఎన్నేళ్లు పడుతుంది? రెండేళ్లు నేర్చుకున్నాను. ఇప్పుడు కత్తి, విసనకర్ర పట్టుకుని చేసే తైచీ కూడా నేర్పుతామంటున్నారు. చేరనా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

భంగిమల వరస నేర్చుకోవడానికి కొన్ని నెలలు చాలు. ఆ తర్వాత మొదలయ్యేదే సాధన, దానికి చివర లేదు. షాంఘైలో ‘మా యుయెలియాంగ్’ (‘మా’ ఆయన ఇంటిపేరు), వూ యింగ్‌హువా అని ఒక దంపతులుండేవారు. ఆయన వైద్యుడు, ఆవిడ తైచీలోనే ఇంకో పద్ధతి అయిన వూ శైలిని స్థిరపరిచిన వూ జియాన్‌చువాన్ కూతురు. ముసలితనంలో కూడా ఆ శైలిని నేర్పుతూనే ఉన్నారు. ఆవిడ 1996లో, ఆయన 1998లో పోయారు. నేను వాళ్లని చూడలేదు. వాళ్ల దగ్గర నేర్చుకున్న పెద్దవాళ్లని పార్కులో చూశాను. ఆ పెద్దవాళ్లు ఒకే వరసని యాభై ఏళ్లుగా చేస్తున్నా, పక్కవాళ్లని పిలిచి “నా భుజం దిగిందా చూడు” అని అడిగేవారు.

‘మేఘాల్లా చేతులు కదపడం’ అనే భంగిమని నాకు మా గురువుగారు ప్రతి ఏడూ మళ్లీ మొదట్నుంచి చెప్పేవారు. మొదట చేతుల దారి. తర్వాత, చేతులు కాదు నడుము తిరగాలని. ఆ తర్వాత, నడుము కూడా నువ్వు తిప్పకూడదు, ఒక కాలి నుంచి ఇంకో కాలికి బరువు మారితే అదే తిరుగుతుందని. ఇప్పుడు 68 ఏళ్ల వయసులో నా తుంటి కీళ్లలో ఇంకా వదలని బిగువు ఒకటి కనిపిస్తోంది. దాని మీద పనిచేస్తున్నాను, ఎంతో ఆనందంగా ఉంది. వయసుతో అడుగు చిన్నదవుతుంది, మోకాలు తక్కువ మడుస్తాం. లోపలి పని మాత్రం తగ్గదు, పెరుగుతుంది.

కాబట్టి, కత్తి అప్పుడే వద్దనే నా సలహా. నేర్పేవాళ్లకి కొత్త బ్యాచ్ కావాలి, మనకి కొత్త మోజు కావాలి, మధ్యలో అడుగు అలాగే ఉండిపోతుంది. పొద్దున పది నిమిషాలు కదలకుండా నిలబడండి, మోకాళ్లు కాస్త సడలించి, చేతులు గుండ్రంగా ఛాతీ ముందు పట్టుకుని. తర్వాత మీకు వచ్చిన వరస ఒక్కసారి చేయండి. ఊళ్లకి వెళ్లినప్పుడు కుదరకపోతే బ్యాంకులోనో రేషన్ షాపులోనో క్యూలో ఉన్నప్పుడు బరువు అటూ ఇటూ మార్చండి, ఎవరికీ తెలియదు. రోజూ కాసేపు చేసేవాళ్లు నిలిచారు, ఆదివారం మాత్రమే రెండు గంటలు చేసేవాళ్లు మానేశారు. మా పార్కులో చూసి చెబుతున్న మాట ఇది.

మా ఊళ్లో నేర్పేవాళ్లు లేరు. ఆన్‌లైన్‌లో గురువుని ఎలా ఎంచుకోవాలి? బట్టలు, చెప్పులు ఏవి కావాలి?
– ఒక పాఠకురాలు, ఆదిలాబాద్

ఫోనులో మీ పాదాలు కనిపించేలా పెట్టమని అడిగే గురువు దొరికితే చేరండి. ముఖం, చేతులు చూసి “బాగుంది, బాగుంది” అనేవాళ్లు వద్దు. మోకాళ్లు ఎలా ఉన్నాయని మొదటి క్లాసులోనే అడగాలి. జబ్బులు నయం చేస్తానని మాటిస్తే చేరొద్దు. ఏడాదికోసారైనా మనిషిని కలిసి, చెయ్యి వేయించుకుని సరిదిద్దించుకోవాలి. భుజం ఎక్కడ బిగిసిందో తాకితే తెలిసినట్టు చూస్తే తెలియదు.

బట్టలకి నియమం లేదు. సల్వార్ కమీజ్ చక్కగా సరిపోతుంది. చీరలో కూడా చేయొచ్చు, కుచ్చిళ్లు చీలమండ పైకి ఉండాలి. చెప్పులు వద్దు. సోల్ పల్చగా, చదునుగా ఉండే గుడ్డ బూట్లు మంచివి. మెత్తటి స్పోర్ట్స్ షూలో పాదానికి నేల తెలియదు, పైగా మడమ ఎత్తుగా ఉండి బరువుని వేళ్ల మీదికి తోస్తుంది. ఇంట్లో గ్రానైట్ నేల మీద అయితే వట్టి కాళ్లతో చేయండి, తడి లేకుండా చూసుకోండి. చలికాలంలో మీ ఆదిలాబాద్ చలికి సాక్సు వేసుకోవాలనిపిస్తుంది. అప్పుడు పైన బూట్లు తప్పనిసరి, వట్టి సాక్సులతో జారతారు.