తేజ మిర్చికి హాటా, స్పైసీయా?

బుజ్జీ,

రాత్రి నువ్వు పంపిన మెయిల్ చదివాను. తేజ మిర్చి గురించి విదేశీ బయ్యర్‌కి రాస్తూ 'వెరీ స్పైసీ' అన్నావు. పంపే ముందు ఆ మాట తీసెయ్.

మిర్చి యార్డు దగ్గర ఆఫీసులో చేరిన కొత్తలో నేనూ అదే రాశాను. అవతలివాడు 'ఇందులో ఏయే మసాలాలు కలిపారు?' అని అడిగాడు. అవి తొడిమైనా తీయని ఎండు కాయలు! మా ఓనరు నెల రోజుల పాటు నన్ను 'గరం మసాలా' అనే పిలిచాడు.

స్పైస్ అంటే చెక్క, లవంగం, యాలక్కాయ లాంటివన్నీ. పెళ్లి పలావులో కారం లేకపోయినా అది స్పైసీయే. మీ పిన్ని పట్టే కొరివికారం ఉందే, అది హాట్. హోటల్లో మాత్రం ఇంగ్లీషువాళ్లే రెండూ కలిపేసి, కారంగా ఉన్నదాన్నీ స్పైసీ అంటారు. అక్కడ నువ్వు వాదనకు దిగకు.

హాట్‌తో ఇంకో తిప్పలుంది. మనకి వేడి వేరు, కారం వేరు. వాళ్లకి రెంటికీ అదే మాట. 'సాంబార్ ఈజ్ హాట్' అంటే ఊదుకుని తాగాలా, పక్కన మంచినీళ్లు పెట్టుకోవాలా? అయినా వాళ్లని తప్పు పట్టలేం. వేడిని పసిగట్టే నరాల గ్రాహకాన్నే మిరపకి కారం ఇచ్చే క్యాప్సైసిన్ కూడా తట్టిలేపుతుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ పంచుకున్నాడు. నోరు 'మండుతోంది' అని మనమూ అంటాంగా.

సరుకు గురించి రాసేటప్పుడు ఈ రెండు మాటలూ వద్దు. 'పంజెన్సీ' (కారం ఘాటు) అని రాసి, పక్కన ల్యాబ్ రిపోర్టులోని ఎస్‌హెచ్‌యూ, అంటే స్కోవిల్ హీట్ యూనిట్ల అంకె వెయ్యి. 1912లో స్కోవిల్ అనే ఆయన మిరప సారాన్ని చక్కెర నీళ్లలో కలిపి, కారం తెలియకుండా పోయేదాకా పలచన చేయించి కొలిచాడు. ఆ అంకె ఆయన పేరు మీదే నడుస్తోంది. ఇప్పుడు ల్యాబులో యంత్రమే కొలుస్తుందనుకో. రంగు అంకె మాత్రం విడిగా రాయి. ఎర్రగా ఉన్న ప్రతి కాయా కారంగా ఉండదు. కర్ణాటక బ్యాడిగి మిర్చిని చూడు, రంగు దండిగా ఉంటుంది, కారం అంతంతే.

'వెరీ' కూడా కొట్టెయ్. మనకి 'కొంచెం కారం' అనిపించింది వాళ్లకి కళ్లనీళ్లు తెప్పిస్తుంది.

సరిచేసి ఇంకోసారి పంపు, చూస్తాను. ఆదివారం వచ్చి కొరివికారం సీసా పట్టుకెళ్లు.

మీ బాబాయి,
గుంటూరు