చర్మపు ముక్కను చదివే డాక్టరు: ఒక తండ్రి సందేహానికి జవాబు

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ పూర్తిచేసి కాకినాడలో హౌస్ సర్జన్‌గా ఉంది. నీట్ పీజీ రాసి పాథాలజీ తీసుకుంటానని, తరువాత చర్మవ్యాధులను మైక్రోస్కోపు కింద నిర్ధారించే పనిలో స్థిరపడతానని అంటోంది. చర్మవ్యాధులే ఇష్టమైతే స్కిన్ డాక్టరుగా క్లినిక్ పెట్టుకోవచ్చు కదా, రోగి ముఖం చూడని ఈ పని దేనికని ఇంట్లో అందరం అడుగుతున్నాం. మీరేమంటారు?
(ఒక తండ్రి, మండపేట)

జవాబు: మీ అమ్మాయి కోరుకుంటున్న విభాగం పేరు డెర్మటోపాథాలజీ. రోగి ముఖం చూడని పని అని మీరన్న మాటలో సగం నిజం ఉంది. చర్మ వైద్యుడు మచ్చ అంచు నుంచి మూడు, నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీసి ఫార్మలిన్ సీసాలో వేసి పంపుతాడు. ల్యాబులో దానిని మైనంలో బిగించి, మిల్లీమీటరులో వెయ్యో వంతును ఒక మైక్రాన్ అనుకుంటే, మూడు నుంచి ఐదు మైక్రాన్ల మందాన పొరలుగా కోసి, గాజు పలక మీద పరచి రంగులు వేస్తారు. ఇంతవరకు చాలామటుకు టెక్నీషియన్ల చేతి పని. డాక్టరు పని ఆ తరువాతే మొదలవుతుంది.

మీ ప్రాంతంలోనే ఎదురయ్యే ఒక సందర్భం చెబుతాను. వరి చేలో పనిచేసే మనిషి వీపు మీద స్పర్శ తగ్గిన తెల్లని మచ్చ ఉందనుకోండి. ఇంట్లోవాళ్లు దానిని శోభి అంటారు, మరొకరు బొల్లి మొదలైందంటారు. స్లైడులో నరాల వెంట కణాలు గుంపులు కట్టి కనిపిస్తే కుష్ఠువ్యాధి కావచ్చని అనుమానించి, ఫైట్ అనే ప్రత్యేకమైన రంగు వేయించి, 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొన్న ఆ సూక్ష్మజీవులు ఎర్రని పుల్లల్లా ఉన్నాయేమోనని వెతుకుతారు. తొలిదశ మచ్చలో అవి ఒక్కటీ దొరకకపోవచ్చు. అప్పుడు తీర్పు నరం చుట్టూ ఉన్న ఆ కణాల అమరిక మీదనే ఆధారపడుతుంది. దేశస్థాయిలో ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించామని 2005లో ప్రకటించినా కొత్త కేసులు వస్తూనే ఉన్నాయి కనుక, ఈ చూపు ఉన్న డాక్టరు అవసరం తీరిపోలేదు.

అలాగే కొబ్బరితోటలో ఎప్పుడో ముల్లు గుచ్చుకున్న పాదం మీద ఏళ్ల తరబడి పెరిగిన పులిపిరి వంటి గడ్డను చూసి, అది క్యాన్సరేమోనన్న భయంతో ముక్క పంపవచ్చు. స్లైడులో రాగి కాసుల వంటి గోధుమరంగు గుండ్రని కణాలు, ప్రత్యేకమైన రంగేమీ వేయకుండానే కనిపిస్తే, అది మట్టిలోని శిలీంధ్రం వల్ల వచ్చిన జబ్బని తేలుతుంది. దానికి చాలా నెలలు మందులు వాడవలసి రావచ్చు గాని, క్యాన్సరు అన్న భయం మాత్రం ఆ రోజుతో పోతుంది.

అయితే ముల్లు సంగతి ఎవరో రాసి పంపితేనే తెలుస్తుంది. నేను పాథాలజీ బోధించిన రోజుల్లో ‘చర్మం ముక్క’ అన్న రెండే మాటలతో ఫారాలు వచ్చేవి. ఎక్కడి ముక్కో, ఎన్నాళ్ల మచ్చో, పైన ఏ ట్యూబు రాశారో ఉండేది కాదు. మెడికల్ షాపులో కొన్న స్టెరాయిడ్ క్రీము రాస్తే తామర కూడా రూపం మార్చేస్తుంది. అందుకే ఈ పనిలో మంచివాళ్లు ఫోను చేసి అడుగుతారు, ఫోటో పంపమంటారు, వీలైతే ఓపీకి వెళ్లి మచ్చను స్వయంగా చూసి వస్తారు. మీ మాటలో నిజం కాని సగం ఇదే.

ఇక దారి విషయం. ఎండీ పాథాలజీ నుంచీ, చర్మవ్యాధుల ఎండీ నుంచీ కూడా ఈ విభాగానికి రావచ్చు. రెండూ మూడేళ్ల చదువులే, ఆపైన ఫెలోషిప్‌తో ప్రత్యేక శిక్షణ పొందాలి. అమెరికాలో 1974 నుంచి ఈ రెండు శాఖల బోర్డులు కలిసే ఈ విభాగపు పరీక్ష నిర్వహిస్తున్నాయి. పాథాలజీ వైపు నుంచి వచ్చినవారు మచ్చలు చూడటం నేర్చుకోవాలి, చర్మ విభాగం నుంచి వచ్చినవారు స్లైడు మీద కూర్చునే ఓపిక అలవరచుకోవాలి. చర్మ విభాగం సీట్లు చాలా ముందు ర్యాంకుల్లోనే అయిపోతాయి, పాథాలజీ సీటు అంత గగనం కాదు. ఆమె మనసు స్లైడు మీదే ఉన్నప్పుడు, స్కిన్ సీటు కోసం మళ్లీ మళ్లీ పరీక్ష రాయిస్తూ ఏళ్లు గడపడం నాకు సమంజసంగా తోచదు.

రాబడి సంగతి దాచకుండా చెప్పాలి. గోదావరి జిల్లాల్లో కేవలం చర్మం ముక్కలతోనే ఒక ల్యాబు నడవడం కష్టం. గర్భసంచి, పిత్తాశయం, థైరాయిడ్ రిపోర్టులూ ఆమె రాయవలసి ఉంటుంది, లేదా మెడికల్ కాలేజీలో అధ్యాపకురాలిగా ఉంటూ చర్మ విభాగపు స్లైడులు చూడవలసి ఉంటుంది. ఇప్పుడు స్లైడులను స్కాన్ చేసి దూరానికి పంపగలుగుతున్నందున, అమలాపురంలో తీసిన ముక్కను కాకినాడలోనో హైదరాబాదులోనో కూర్చుని చదివే వీలు కూడా ఏర్పడింది. సొంత క్లినిక్ పెట్టుకున్న స్కిన్ డాక్టరు సంపాదనతో దీనిని పోల్చి చూడకండి.

హౌస్ సర్జన్సీ ముగిసేలోగా ఆమెను ఒక పని చేయమనండి. చర్మ విభాగం ఓపీలో ముక్క తీసిన రోజు ఆ రోగితో మాట్లాడి, మూడు నాలుగు రోజుల తరువాత అదే ముక్క స్లైడును పాథాలజీ ప్రొఫెసరు పక్కన కూర్చుని చూడాలి. కనీసం పది కేసులు అలా చూశాక, రోజంతా మైక్రోస్కోపు ముందు గడిపినా విసుగు పుట్టలేదంటే కౌన్సెలింగ్‌లో పాథాలజీని మొదటి ఆప్షనుగా పెట్టుకోనివ్వండి. ఓపీలోని మనుషుల మీదికే ధ్యాస పోతోందని ఆమే చెబితే చర్మ విభాగాన్ని ముందు పెట్టి, పాథాలజీని దాని కింద రాయమనండి.