పానా పట్టి పరదేశం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

మోటారు మెకానిక్ పని మీద ఆఫ్రికా దేశాలకు వెళ్లదలచిన ముగ్గురు పాఠకుల ఉత్తరాలకు ఈ నెల జవాబిస్తున్నాను. 2006 నుంచి 2013 వరకు నేను టాంజానియాలో, విక్టోరియా సరస్సు దక్షిణపుటొడ్డున ఉన్న మ్వాంజా పట్టణంలో ఒక రవాణా సంస్థ షెడ్డులో పనిచేశాను. ఇప్పుడు హైదరాబాదు ఆటోనగర్‌లో సొంత షెడ్డు నడుపుకుంటున్నాను కనుక, ఈ జవాబుల్లో కొంత చదివి తెలుసుకున్నదీ కొంత చేతులు కాల్చుకుని నేర్చుకున్నదీ ఉంటుంది.

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. మల్లేపల్లి ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివాను. పదేళ్లుగా గ్యారేజీలో ఇన్నోవా, బొలెరో బళ్ల ఇంజన్ పని చేస్తున్నాను. టాంజానియాలో ఫోర్‌మన్ ఉద్యోగం ఉందని, జీతం డాలర్లలో ఇస్తారని ఒక ఏజెంటు చెబుతూ లక్షన్నర అడుగుతున్నాడు. ముందు విజిటింగ్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చట. ఆ దేశంలో మెకానిక్‌లు లేరా? మనల్ని ఎందుకు పిలుస్తారు? నన్ను వెళ్లమంటారా? - ఒక పాఠకుడు, మూసాపేట

జవాబు: డబ్బు గురించీ వీసా గురించీ అందరూ అడుగుతారు. అక్కడ మెకానిక్‌లు లేరా అని అడిగినవారు నాకు తెలిసి మీరొక్కరే. అందుకే ముందుగా దానికే జవాబు చెబుతాను.

ఉన్నారు, కావలసినంత మంది ఉన్నారు. చేతిపని వచ్చినవాణ్ని స్వాహిలీలో 'ఫుండి' అంటారు. పట్టణంలో ఏ చెట్టు నీడన చూసినా ఒక ఫుండి, ఒక పాత గేర్‌బాక్సు, చుట్టూ నలుగురు కుర్రాళ్లు కనబడతారు. నేను వెళ్లిన కొత్తలో వాళ్లను చూసి, మనం వచ్చిందే వీళ్లకు పని నేర్పడానికి కదా అనుకున్నాను. ఆ గర్వం మూడో నెలలోనే దిగిపోయింది. ఒక లాండ్ క్రూయిజర్ ఎక్కుడులో లాగడం లేదని షెడ్డుకు వచ్చింది. అందులో ఉన్నది 1హెచ్‌జడ్ ఇంజన్. ఆరు సిలిండర్లు, 4.2 లీటర్లు, టర్బో లేదు, పంపు మొత్తం మెకానికల్. హైదరాబాదులో క్వాలిస్‌ల మీద చేయి తిరిగినవాణ్ని కనుక ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల మీదే అనుమానపడి, ఆరింటినీ విప్పించి, రెండు రోజులు పంపు చుట్టూ తిరిగాను. మూడో రోజు ఉదయం మా షెడ్డులోని ఒక పెద్ద వయసు ఫుండి నన్నేమీ అనకుండా, ఫిల్టరు కింది డ్రెయిన్ మర విప్పి, ఖాళీ నీళ్ల సీసాలోకి ముప్పావు వంతు డీజిల్ దింపి, మూత బిగించి, గోడ మూలలో తలకిందులుగా నిలబెట్టి టీ తాగడానికి వెళ్లాడు. వచ్చి చూసేసరికి సీసాలో మూతవైపు రెండు వేళ్ల మందాన నీళ్లు, ఆ పైన డీజిల్, రెంటికీ మధ్య తుప్పు చారలాగా ఎర్రటి గీత. ఊళ్ల దారిలో పీపాల నుంచి డీజిల్ పోయించుకునే బండి అది. ట్యాంకు దింపి కడిగి, ఫిల్టరు మార్చితే బండి లాగింది. నాజిళ్లలో ఏ లోపమూ లేదు.

మరి ఆ సంస్థ నన్నెందుకు పెట్టుకుంది? ఆ ఫుండికి తెలిసిన సంగతి షెడ్డులో ఇంకెవరికీ తెలియదు, ఎక్కడా రాసి కూడా లేదు. ఆయన సెలవు పెడితే ఆ జ్ఞానం కూడా సెలవు పెట్టినట్టే. ఏ బండికి టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో చెప్పగలిగినవాడు లేడు. ఆ ఇంజన్లలో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి పెద్ద ఖర్చు వస్తుంది. పైగా జపాన్ నుంచి వాడిన బండిగా దిగుమతి అయినదానికి వెనుకటి చరిత్ర ఏదీ ఉండదు. నేను చేసిన మొదటి ఘనకార్యం ఒక లావుపాటి రిజిస్టరు కొని, బండికొక పేజీ కేటాయించి, ఛాసిస్ నంబరు, ఇంజన్ కోడు, మార్చిన సామాను, తేదీ, కిలోమీటర్లు రాయించడం. ప్రతి సోమవారం ప్రతి బండి ఫిల్టరు నుంచి నీళ్లు దింపాలనే నియమం పెట్టించడం రెండోది. అంతే. దారిలో ఆగిపోయే బళ్లు తగ్గాయి. విదేశీ మెకానిక్‌కు ఇచ్చే జీతంలో ఎక్కువ భాగం ఈ లెక్కనూ క్రమాన్నీ నేర్పడానికే. పానా తిప్పేవారు అక్కడే దొరుకుతారు, అదీ మనకన్నా తక్కువ కూలికి. రాతపని అంటే మీకు విసుగైతే ఈ ఉద్యోగం మీకు సరిపడదని మొహమాటం లేకుండా చెబుతున్నాను.

మీ అనుభవం మాత్రం పనికివచ్చేదే. మన పాత ఇన్నోవాలో ఉన్న 2.5 లీటర్ల 2కేడీ ఇంజన్‌నే ఆ దేశాలలో హైలక్స్ పికప్పులలోనూ కొన్ని హయేస్ వ్యాన్లలోనూ చూస్తారు. బళ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి కాబట్టి జపాన్‌లో వాడిన కుడి స్టీరింగు బళ్లు ఓడల నిండా దిగుతాయి. దారులు చాలా చోట్ల ఎర్రటి మొరం దారులు, అక్కడా దాన్ని 'మురం' అనే అంటారు. ఆ దారి మీద అలలు అలలుగా పడిన గట్ల మీదుగా రోజూ వెళ్లే బండికి కమాను పట్టీలు విరుగుతాయి, షాక్ అబ్జార్బర్లు కారతాయి, దుమ్ముకు ఎయిర్ ఫిల్టరు వారానికే మూసుకుపోతుంది. విరిగిన కమానును పాత ట్యూబు కోసిన రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, పట్టణం దాకా బండిని నడిపించుకు వచ్చే డ్రైవర్లను నేను చూశాను. ఒకటి గుర్తుంచుకోండి, 2కేడీ వంటి కామన్ రైల్ ఇంజన్, అంటే డీజిల్‌ను చాలా ఎక్కువ ఒత్తిడితో చిమ్మే ఇంజన్, నీళ్లు కలిసిన డీజిల్‌ను 1హెచ్‌జడ్‌లాగా సహించదు. ఇక్కడ నాజిళ్లు పోతే మీరు సాయంత్రానికి రాణిగంజ్ నుంచి తెప్పించుకుంటారు. మ్వాంజాలో పోతే, దారెస్సలాం రేవు నుంచి రావాలి, అది వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. అక్కడా దొరకకపోతే ఓడ కోసం వారాల తరబడి ఎదురుచూడాలి. ఛాసిస్ నంబరు ఒక్క అంకె తప్పుగా పంపితే, వచ్చిన సామాను బండికి పట్టదు. ఆ తప్పు నేనూ చేశాను, మా యజమాని చాలా రోజులు గుర్తు చేశాడు.

ఇక మీ ఏజెంటు సంగతి. విజిటింగ్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చన్నాడంటే ఆ ఒక్క మాటతోనే అతనికి దండం పెట్టి వచ్చేయవచ్చు. టాంజానియాలో విదేశీయుల ఉద్యోగాల గురించి 2015లో ప్రత్యేక చట్టం వచ్చింది. దాని ప్రకారం కార్మిక శాఖ ఇచ్చే పని అనుమతి వేరు, వలస శాఖ ఇచ్చే నివాస అనుమతి వేరు, రెండూ ఉండాలి. పని అనుమతి రెండేళ్లకు ఇస్తారు, పొడిగించినా మొత్తం కాలానికి ఒక పరిమితి ఉంటుంది. మీ పనిని స్థానికుడొకరికి ఎలా అప్పగిస్తారో యజమాని ముందే ప్రణాళిక చూపాలి. అంటే చట్టప్రకారమే మీరు వెళ్లేది నేర్పి తిరిగి రావడానికి. ఆ కాగితాలు లేకుండా షెడ్డులో పానా పట్టుకుని దొరికితే, జరిమానాలూ వెనక్కి పంపడాలూ మీకు, ఏజెంటు మాత్రం సికింద్రాబాదులో హాయిగా ఉంటాడు.

మన వైపు నియమాలు కూడా చూడండి. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు కేంద్ర ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి. అతని పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉన్నదో లేదో సెల్‌ఫోనులోనే చూసుకోవచ్చు. నమోదైన ఏజెంటు మీ దగ్గర తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షన్నర ఏ లెక్కన అడుగుతున్నాడో రసీదు మీద రాసి ఇమ్మనండి, ఇవ్వడు. పదో తరగతి ప్యాసైనవారు గనుక మీ పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్సు (కొన్ని దేశాలకు పనికి వెళ్లే ముందు మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి) బెడద ఉండదు. అయినా టాంజానియా ఆ క్లియరెన్సు అవసరమయ్యే 18 దేశాల జాబితాలో లేదు. ఆ జాబితాలో గల్ఫ్ దేశాలూ, ఆఫ్రికాలో లిబియా, సూడాన్, దక్షిణ సూడాన్ ఉన్నాయి. క్లియరెన్సు అవసరం లేదు కనుక ప్రభుత్వం మీ ఒప్పందాన్ని ముందుగా చూడదు, అది మీరే చూసుకోవాలి. విదేశీ ఉద్యోగాలు చూపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను కూడా ఒకసారి అడిగి చూడటంలో నష్టం లేదు.

ఒప్పందంలో జీతం అంకె ఒక్కటే చూసి మురిసిపోకండి. అక్కడి ఆదాయపు పన్ను, భవిష్యనిధి కోతలు పోగా చేతికి ఎంత వస్తుందో, డాలర్లు అన్న మాటకు అర్థం డాలర్లు ఇస్తారనా, ఆ రోజు ధరకు షిల్లింగులు ఇస్తారనా, ఇల్లు, వైద్యం, ఏటా రాకపోకల టికెట్టు ఎవరివో రాయించుకోండి. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలన్న మాట కూడా. ఇవన్నీ సరిగా ఉండి, యజమాని పని అనుమతి కాపీ ముందే పంపితే, వెళ్లి రండి. నాకైతే ఆ ఏడేళ్లు నష్టమనిపించలేదు.

ప్రశ్న: నాచారంలో ఇరవై ఏళ్లుగా గ్యారేజీ నడుపుతున్నాను, వయసు 52. దారెస్సలాంలో ఉన్న స్నేహితుడు అక్కడ కలిసి గ్యారేజీ పెడదామని, లైసెన్సు స్థానికుడి పేరు మీద తీసుకుందామని అంటున్నాడు. ఇరవై లక్షలు పెట్టవచ్చా? - ఒక పాఠకుడు, నాచారం

జవాబు: పెట్టవద్దు. 2025 జులైలో టాంజానియా ప్రభుత్వం విదేశీయులు చేయరాని వ్యాపారాల జాబితా ప్రకటించింది. చిల్లర వ్యాపారం, సెల్‌ఫోన్ల మరమ్మతు, సెలూన్లు, కుటీర, చిన్న పరిశ్రమల వంటి 15 రంగాలు అందులో ఉన్నాయి. విదేశీయుడికి పేరు అరువిచ్చి సాయపడే స్థానికుడు కూడా శిక్షార్హుడే. మీ చిన్న గ్యారేజీ ఈ జాబితా కిందికి వస్తుందా రాదా అన్నది అక్కడి వకీలు లిఖితపూర్వకంగా చెప్పాలి గాని, స్నేహితుడి ఫోను మాట మీద తేలే విషయం కాదు. దీనిని వారి దురుద్దేశమని అనుకోకండి. మన ఆటోనగర్‌లో విదేశీయుడు వచ్చి పంక్చరు దుకాణం పెడితే మనమూ ఊరుకోము. ఇంకొకరి పేరు మీద ఉన్న లైసెన్సు ఇంకొకరిదే. ఆయన రేపు తాళం వేసుకుంటే మీరు ఏ కోర్టుకూ వెళ్లలేరు. తూర్పు ఆఫ్రికాలో మనవాళ్ల ఆస్తుల చరిత్ర మీ తరానికి తెలియనిది కాదు. 1972లో ఉగాండాలో ఈదీ అమీన్ ఆసియావాసులకు దేశం విడిచి పొమ్మని ఇచ్చిన గడువు 90 రోజులు. ఈనాటి పరిస్థితి అది కాదు, టాంజానియా అసలే కాదు. కానీ 52 ఏళ్ల వయసులో ఇరవై లక్షలు ఇంకొకరి పేరు మీద పెట్టే ముందు అది గుర్తుకు రావడం మంచిదే. ఆ దేశంలో పనిచేయాలనే కోరిక బలంగా ఉంటే, అనుమతి పొందిన సంస్థలో రెండేళ్ల ఒప్పందం మీద శిక్షకుడిగా వెళ్లే వీలు చూడండి.

ప్రశ్న: వచ్చే నెల ప్రయాణం. కాగితాలన్నీ వచ్చాయి. ఏ పనిముట్లు తీసుకువెళ్లాలి? భాష ఎలా? ఆరోగ్యం విషయంలో జాగ్రత్తలు ఏమిటి? - ఒక పాఠకుడు, అంబర్‌పేట

జవాబు: సుత్తులు, పెద్ద పానాలు మోయకండి, అవి అక్కడ దొరుకుతాయి, వాటి బరువుకు విమానంలో అదనపు సొమ్ము కట్టాలి. ఒక మంచి టార్క్ రెంచి, మల్టీమీటరు, సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజి, జపాన్ బళ్లను చదవగల స్కానరు తీసుకువెళ్లండి. టార్క్ రెంచి, ఫీలర్ గేజి వంటి పనిముట్లను చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి. చేతిసంచిలో పెడితే శంషాబాదులోనే తీసివేస్తారు. టార్క్ రెంచి ఎందుకంటే, హెడ్డు బోల్టులు చేతి అంచనాతో బిగించే అలవాటు ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. కొలిచి బిగించడం చూపిస్తే కుర్రాళ్లు ఒక్క రోజులో పట్టుకుంటారు.

భాషకు భయపడకండి. బండి అక్కడ 'గారి', స్పానర్ 'స్పానా', బ్రేకు 'బ్రేకి', టైరు 'టైరి', బ్యాటరీ 'బెట్రి'. సగం షెడ్డు మీకు ముందే వచ్చు. పెద్దవారు కనబడితే 'షికమూ' అనాలి, అది మన పాదాభివందనం వంటిది. వారు 'మరహబా' అంటారు. షెడ్డులో పెద్ద ఫుండికి ఉదయం ఆ మాట చెప్పకుండా పని పురమాయిస్తే, పని అవుతుంది గాని మనసుపెట్టి అవదు. మన దగ్గర ఉస్తాద్‌కు సలాం చెప్పకుండా పానా అడిగితే ఏమవుతుందో మీకు తెలుసు.

మలేరియాను తేలికగా తీసుకోవద్దు. దోమ కడుపులో ఆ క్రిమిని రొనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. ఆ భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. దోమతెర లేకుండా పడుకోకండి. సెలవు మీద ఇంటికి వచ్చిన తరువాత కొన్ని నెలల లోపు జ్వరం వస్తే, డాక్టరుకు మొదటి మాటగా ఆఫ్రికా నుంచి వచ్చానని చెప్పండి. లేకపోతే టైఫాయిడ్, వైరల్ అంటూ విలువైన రోజులు గడిచిపోతాయి. సంస్థ పని మీద మిమ్మల్ని కెన్యాకో ఉగాండాకో పంపవచ్చు కనుక యెల్లో ఫీవర్ టీకా కూడా వేయించుకోండి. ఆ దేశాల నుంచి టీకా కార్డు లేకుండా వచ్చినవారిని మన విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. వేసిన పది రోజుల తరువాతే కార్డు చెల్లుతుంది, ఆపై జీవితాంతం చెల్లుతుంది. మీ ప్రయాణం వచ్చే నెల అంటున్నారు, ఈ వారమే వెళ్లండి.