నత్త గుల్ల పగిలితే జిగురు పెట్టాలా? మా నత్త విషయంలో నేను చూసింది

పెంచుకుంటున్న నత్త చేతిలోంచి జారిపడి గుల్ల పగిలిందనీ, జిగురుతో అతికించాలా లేక పక్కన ఖాళీ గుల్ల పెడితే అందులోకి మారుతుందా అనీ అడిగారు. రెండు రోజులుగా బయటికి రావడం లేదని కూడా రాశారు.

జిగురు మాత్రం వద్దండి. ఖాళీ గుల్ల పెట్టినా ఉపయోగం ఉండదు. గుల్లలు మార్చుకునేది హెర్మిట్ క్రాబ్ అనే పీత. నత్త గుడ్డులోంచి వచ్చేటప్పుడే గుల్లతో వస్తుంది, గుల్ల దానితో పాటే పెరుగుతుంది. గుండె, ఊపిరితిత్తి, జీర్ణగ్రంథి అన్నీ ఆ మెలికల్లోనే ఉంటాయి. గుల్ల నడిమి స్తంభానికి లోపలి నుంచి ఒక బలమైన కండరం అతుక్కుని ఉంటుంది. అందుకే గాజుకి కరుచుకున్న నత్తని గుల్ల పట్టుకుని గట్టిగా లాగకూడదు. నాలుగు చుక్కల నీళ్లు వేసి తల ముందు వేలు పెడితే అదే మెల్లగా ఎక్కుతుంది.

మా నత్తకీ ఇలాగే జరిగింది. అప్పటికి అది ఇంకా పిల్లనత్త. డబ్బా మూతకి అంటుకుని ఉన్న సంగతి చూసుకోకుండా మూత తీశాను. తిన్నగా పింగాణీ గిన్నె మీద పడింది. ఆ టక్‌మన్న చప్పుడు ఇప్పటికీ చెవిలోనే ఉంది. ఆఖరి మెలిక మీద బియ్యపు గింజంత పెచ్చు ఊడింది. ఆ కన్నంలోంచి లోపలి తడి చర్మం కదలడం కనిపిస్తుంటే నా చేతులు వణికాయి. ఆ టెన్షన్‌లో నేనూ జిగురు కోసమే వెతికాను. దొరకకపోవడమే మంచిదైంది, ఎందుకంటే ఆ చర్మమే గుల్లని బాగుచేసేది. దాన్ని మాంటిల్ అంటారు. జిగురు దానికి తగిలితే అసలు పని చేయాల్సిన చోటే దెబ్బ తింటుంది.

మూడో రోజుకి కన్నం మీద ఉల్లిపొర లాంటిది పరుచుకుంది. టార్చి వేస్తే మెరిసింది. రెండు వారాలకి అది తెల్లగా గట్టిపడింది. ఆ మచ్చ మాత్రం పోలేదు. గుల్ల పైనుండే రంగు పొరని మాంటిల్ అంచు మాత్రమే తయారు చేస్తుంది, అదీ గుల్ల మూతి దగ్గరే. మధ్యలో పగిలితే లోపలి నుంచి సున్నపు పొర పూయగలదు కానీ పాత రంగు తేలేదు. కాబట్టి ముందు పగులు ఎక్కడుందో చూడండి. మూతి అంచు దగ్గరైతే భయం లేదు, పెరుగుదలలో అదే పూడిపోతుంది. మధ్యలో అయితే లోపలి చర్మం చిరగకుండా ఉండాలి. ఎక్కువ కష్టం గుల్ల కొన విరిగితేనే.

ఇప్పుడు చేయాల్సింది కాల్షియం అందించడం, తడి ఆరకుండా చూడడం, చేత్తో ముట్టకుండా ఉండడం. గుల్లలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే. ఉడికించిన కోడిగుడ్డు పెంకు ఎండబెట్టి మెత్తగా నూరి పెట్టండి. కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఎముక దొరికితే ఇంకా మంచిది. నేను పెట్టిన రోజు రాత్రి, ఇల్లంతా సద్దుమణిగాక, డబ్బాకి చెవి ఆనిస్తే సన్నగా గీకుతున్న శబ్దం వినిపించింది. నత్త నాలుక మీద వేల సంఖ్యలో సూక్ష్మమైన పళ్లుంటాయి, వాటితో గీకి తింటుంది. తెల్లారి చూస్తే ఎముక నిండా సన్నటి గీతలు!

గాయం మానేదాకా మట్టి తీసేసి తడి టిష్యూ పేపర్ పరవండి, లేకపోతే కన్నంలోకి ఇసుక పోతుంది. రాళ్లు, గట్టి గిన్నెలు వద్దు. ఎండ తగలనివ్వకండి, గాలి మాత్రం ఆడాలి. కీరా, క్యారెట్, లెట్యూస్ బాగా కడిగి పెట్టండి. ఉప్పు తగిలిన ఏదీ దగ్గరికి రానివ్వకండి, ఒంట్లో నీరంతా లాగేస్తుంది. రాగి పాత్రలు కూడా నత్తలకి పడవు.

రెండు రోజులు లోపలే ఉందంటే చనిపోయిందని అర్థం కాదు. మూతికి కాగితం లాంటి పొర కప్పుకుందేమో చూడండి. గాలి పొడిబారితే నత్తలు అలా మూసుకుని నిద్రపోతాయి. చుట్టూ నీళ్లు చిలకరించి వదిలేయండి, కానీ నీళ్లలో మాత్రం ముంచకండి. నేల నత్తకి ఉండేది ఊపిరితిత్తి, మునిగిపోతుంది. కుళ్లు వాసన వచ్చి, ఒళ్లు బయటికి వేలాడుతూ, ముట్టుకున్నా ముడుచుకోకపోతేనే పోయినట్టు.

ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. బయట దొరికిన నత్తల్లో ఎలుకల నుంచి వచ్చే ఒక రకం పురుగు ఉండొచ్చు, అది మనిషికి సోకితే మెదడు పొరలు వాస్తాయి. పిల్లలుంటే మరీ జాగ్రత్త.

మా నత్త ఆ మచ్చ దాటి ఇంకో అర మెలిక పెరిగింది. మీ దానికి పగులు ఎక్కడుందో, లోపలి చర్మం తడిగా మెరుస్తోందో లేదో చూసి రాయండి.