ఏటి పేరా, ముత్తవ్వ పేరా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. పాప పుట్టి పన్నెండు రోజులైంది. ఇరవై ఒకటో రోజున బారసాల. మా ఏటి పేరు ‘వైనతేయ’ పెట్టాలని నా కోరిక. మావారు ఫోన్లో వెతికి ‘ద్వియాన్షి’ అంటున్నారు, లక్ష్మీదేవి అని అర్థమట. అత్తయ్యగారేమో కాలం చేసిన వాళ్ళ అత్తగారి పేరు ‘మాణిక్యాంబ’ పెట్టాల్సిందేనంటారు. ముసలి పేరు వద్దన్నందుకు మూడు రోజులుగా నాతో మాట్లాడట్లేదు. పంతులుగారు హస్త మూడో పాదం, ‘ణ’ అక్షరం అన్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు పంతులుగారి సంగతి తేల్చేద్దామమ్మా. 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాలు, మొత్తం 108 అక్షరాలు. అందులో మీ పాపకు వచ్చిన ‘ణ’తో తెలుగులో మాటే మొదలవదు, ఇంక పేరెక్కడ దొరుకుతుంది! నక్షత్రనామం జాతకంలో ఉంటుంది. పిలిచే పేరు మీ ఇష్టం.

మీరు కోరుకున్న పేరుతో ఒక చిక్కుంది. వినత కొడుకు వైనతేయుడు, అంటే గరుత్మంతుడు. కుంతి కొడుకు కౌంతేయుడు, అంజన కొడుకు ఆంజనేయుడు అయినట్టే ఇదీ. ఏటికి చెల్లింది గాని, మనిషికైతే మగపిల్లాడి పేరు. ఆడపిల్లకు ‘వైనతేయి’ అనాలి. ఏటి పేరే కావాలంటే గోదావరి పాయ గౌతమి నిక్షేపంలా ఉంటుంది, కాకపోతే మన వైపు వీధికొక గౌతమి. సప్తగోదావరుల్లో ఆత్రేయ పాయ కూడా ఉంది కదా, ‘ఆత్రేయి’ ఆలోచించండి. భవభూతి నాటకంలో వేదాంతం చదువుకోవడానికి వాల్మీకి ఆశ్రమం వదిలి, దండకారణ్యం దాటి అగస్త్యుడి దగ్గరికి బయల్దేరిన ఆవిడ పేరది. అరుదైన పేరు, అర్థమున్న పేరు.

మీవారు చెప్పిన దాంట్లో ‘అంశ’ ఛాయ ఉంది గాని, ‘ద్వియ’ అంటే లక్ష్మి అని ఎక్కడా లేదు. ఫోను చెప్పిన అర్థాన్ని ఒకసారి నిఘంటువులో చూసుకోమనండి.

అసలు తగువు అత్తగారితో. మాణిక్యాంబ ద్రాక్షారామంలో భీమేశ్వరుడి పక్కనున్న అమ్మవారు. ఆవిడ పేరు ముసలిదెలా అవుతుంది? నాదీ మా నాయనమ్మ పేరే. బళ్ళో ఏడిపించినప్పుడు ఇంటికొచ్చి ఏడ్చాను, నలభై దాటాక గర్వంగా చెప్పుకుంటున్నాను. అలాగని మీ పాపకు అదే పెట్టమనను. ‘వద్దు’ అనే ముందు ‘మీ అత్తగారు ఎలా ఉండేవారండీ?’ అని అడగలేదు మీరు. పొరపాటు అక్కడే జరిగింది. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ పెద్దావిడ తనకేం చేసిందో మీ అత్తగారిని చెప్పనివ్వండి. కాఫీ ఇచ్చి, పాపను ఆవిడ ఒళ్ళో పడుకోబెట్టి అడగండి.

తొందర కూడా లేదు. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదైతే చాలు. పేరు రాయకపోయినా, ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. అయితే ఎక్కించేటప్పుడు తెలుగు, ఇంగ్లీషు అక్షరాలు రెండూ సరిచూసుకోండి. బడికీ, పాస్‌పోర్టుకీ ఆ కాగితమే అడుగుతారు.

బారసాలనాడు పళ్ళెంలో బియ్యం మీద ఒక్క పేరే రాయాలని లేదు. మాణిక్యాంబ అని ముందు రాయించి, కింద మీరిద్దరూ ఒప్పుకున్న పేరు రాయండి. రాయడానికి ఉంగరం మాత్రం మీ అత్తగారిది అడిగి పుచ్చుకోండి.