ఇంజిన్ అరిగిన పాత డీజిల్ ఎస్‌యూవీని ఎలక్ట్రిక్ చేయించాలా, హైబ్రిడ్ చేయించాలా?

ఛాసీ, బాడీ గట్టిగా ఉన్నాయి, ఇంజిన్ మాత్రం పొగ కక్కుతోంది, రీబోరింగ్ బదులు ఎలక్ట్రిక్‌గానో హైబ్రిడ్‌గానో మార్చుకోవచ్చా అని అడిగారు. నేనూ, మెకానిక్ అయిన మా బావమరిదీ కలిసి ఇలాంటి పాత ఫోర్ బై ఫోర్‌ను ఎలక్ట్రిక్ చేశాం. ఇప్పటికీ దాన్నే నడుపుతున్నాను. హైబ్రిడ్ ఆలోచన మానుకోండి. ఎలక్ట్రిక్ అయితే మాత్రం, రోజుకు ఎంత దూరం తిరుగుతారో లెక్క తేలాకే దిగండి.

హైబ్రిడ్ ఎందుకు వద్దంటే, ఇంజిన్, ట్యాంకు, సైలెన్సర్ అన్నీ ఉండగానే వాటి పక్కన మోటారు, ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చి, దాని వేగాన్ని అదుపు చేసే పెట్టె), బ్యాటరీ ఇరికించాలి. అదైనా సర్దుకోవచ్చు. ఇంజిన్ ఎంత లాగాలి, మోటారు ఎంత లాగాలి అని క్షణక్షణం తేల్చే కంట్రోలర్ దగ్గరే అసలు చిక్కు. కంపెనీలు ఇంజిన్, గేర్‌బాక్సు, బ్రేకులు అన్నీ మొదటి నుంచీ దానికి తగ్గట్టే తయారుచేస్తాయి, మన షెడ్డులో అది అయ్యే పని కాదు. పైగా మీ ఇంజిన్ ఎలాగూ అరిగిపోయింది, దాన్నింకా మోయడం దేనికి?

ఎలక్ట్రిక్ అనగానే అందరూ మోటారు గురించే అడుగుతారు. నిజానికి తేలికైనది అదే. యాక్సిడెంటైన ఎలక్ట్రిక్ కార్ల నుంచి మోటారు, ఇన్వర్టర్ జతగా దొరుకుతాయి. మొదటి తరం నిస్సాన్ లీఫ్ మోటారు 80 కిలోవాట్లది, పాత డీజిల్ బండ్లలో చాలావాటికి ధారాళంగా సరిపోతుంది. కదలకముందే పూర్తి టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది కాబట్టి పాత గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే పెట్టె) అలాగే ఉంచేసి, చాలావరకు ఒకే గేరులో నడిపేస్తాను. ఆ మోటారు పది వేల ఆర్పీఎం దాకా తిరుగుతుంది, డీజిల్ గేర్‌బాక్సు అంత వేగానికి చేసింది కాదు. ఇన్వర్టర్‌లో పరిమితి పెట్టించండి.

మోటారును గేర్‌బాక్సుకు కలిపే కప్లర్ విషయంలో లేతు మేస్త్రీని తొందరపెట్టొద్దు. మేం డయల్ గేజ్ ఆనించి షాఫ్టును చేత్తో మెల్లగా తిప్పుతూ చూసేవాళ్లం, ముల్లు కాస్త ఊగినా మళ్లీ విప్పేయడమే. అక్కడ వెంట్రుకవాసి తేడా ఉన్నా వేగం పెరిగేకొద్దీ బండంతా వణుకుతుంది.

ఇక బ్యాటరీ. లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల (కిలోవాట్-అవర్ల) శక్తి ఉంటుంది, అంటే 60 లీటర్ల ట్యాంకులో 600 యూనిట్లు. ఇంజిన్ అందులో మూడో వంతే పనికి వాడుకున్నా, అంత బ్యాటరీ పెడితే టన్ను దాటుతుంది. లీఫ్ 40 యూనిట్ల ప్యాకే సుమారు 300 కిలోలు! పెట్టెలాంటి ఎస్‌యూవీ కిలోమీటరుకు 0.25 నుంచి 0.4 యూనిట్ల దాకా తాగుతుంది కాబట్టి ఆ ప్యాకుతో 100 నుంచి 160 కిలోమీటర్లు వస్తాయి. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలు, కాబట్టి హైవే మీద 160 మాట మర్చిపోండి. ట్రైలర్ తగిలిస్తే రేంజ్ సగానికి పడిపోవచ్చు. జనరల్ మోటార్స్ 2020లో 1977 నాటి కే5 బ్లేజర్‌ను ఇలాగే మార్చి చూపించినప్పుడు, తన బోల్ట్ ఎలక్ట్రిక్ కారు 60 యూనిట్ల ప్యాకును వెనకాల సామాను పెట్టే చోట కూర్చోబెట్టింది. అంత పెద్ద కంపెనీకే చోటు వెతుక్కోవాల్సి వచ్చింది మరి.

మా టైమంతా తినేసింది ఇవేవీ కావు. ఇంజిన్ తీసేస్తే బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టర్‌కు వాక్యూమ్ ఉండదు, పవర్ స్టీరింగ్ పంపు తిరగదు, ఏసీ కంప్రెసర్, హీటర్, ఆల్టర్నేటర్ అన్నీ పోతాయి. ఒక్కోదానికీ కరెంటుతో నడిచేది వెతికి, బ్రాకెట్ చేయించి, వైరింగ్ లాగాలి. సిగ్నల్ దగ్గర బండి చప్పుడు లేకుండా ఆగి ఉండగా వాక్యూమ్ పంపు ఒక్కసారి గర్రుమంటే పక్క సీట్లోవాళ్లు ఉలిక్కిపడేవారు. రబ్బరు బుష్‌ల మీద బిగించాక కాస్త నయం.

ఇలాంటి ప్యాకులో ఉండే 350 వోల్ట్ల డీసీ ప్రాణం తీస్తుంది. కాంటాక్టర్లు (ప్యాకు కరెంటును కలిపి తెంచే పెద్ద స్విచ్చులు), ఫ్యూజు, చేత్తో లాగేసే డిస్‌కనెక్ట్ లేకుండా ప్యాకు కలపొద్దు, ఆ పని తెలిసినవాళ్లకే అప్పగించండి. ఇంధనం మారుతున్నందుకు రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ వాళ్లను కూడా ముందే అడగండి.

బ్యాటరీకి అడ్వాన్సు ఇవ్వకముందే ఇంజిన్, రేడియేటర్, ట్యాంకు, సైలెన్సర్ దించేసి, బండిని లాక్కెళ్లైనా సరే వేబ్రిడ్జి మీద ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూకం వేయించండి. ఆ రెండు అంకెలు, మీ రోజువారీ దూరం ఇక్కడ పెడితే ప్యాకు ఎంతది, ఎక్కడ పెట్టాలి అన్నది లెక్కేసి చెబుతాను.